ఫోనుకు చెప్పని స్విచ్చులు

నాకు ఓపిక లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత నన్నెవరూ ఏమీ అనడానికుండదు. బస్సు డిపోలో టైంకీపరు ఉద్యోగం నాది. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరింది, ఏది ఆలస్యంగా వచ్చింది, ఎందుకు వచ్చింది అని పొద్దుట్నుంచి సాయంత్రందాకా డ్రైవర్లతో గొంతు చించుకోవడమే పని. ఇల్లు చేరేసరికి నోట్లో మాట కూడా మిగలదు. అలా వచ్చి, చెప్పులు విప్పి, మంచంమీద నడుం వాల్చానో లేదో కిందినుంచి టకటకమని చప్పుడు మొదలయ్యేది. అక్క తన కర్రతో నీళ్ళ పైపుమీద కొడుతోందన్నమాట.

అక్కది కింది వాటా, నాది పై వాటా. మా ఆయన దూరాలకు లారీ నడుపుతాడు. ఇంట్లో కనిపించాడంటే చుట్టమొచ్చాడనుకోవాలి. కాబట్టి మెట్లు దిగాల్సింది నేనే. తీరా ఉసూరుమంటూ దిగి వెళితే అక్క అడిగేదేమిటి? "ఆ ఫ్యాను కాస్త తగ్గించవే." లేకపోతే "లైటు ఆర్పేసి పో." అంతే. మళ్ళీ పైకెక్కాక టీ తాగాలనిపిస్తే కెటిల్ ఆన్ చెయ్యమని ఇంకోసారి టకటక.

అక్క సరదాకి పిలిచేది కాదు. బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరుగా చేసింది ఆవిడ. దొంతరగా పేర్చిన గుడ్డమీద మిషను కత్తి నడిపితే పై పొరకీ అడుగు పొరకీ వెంట్రుకంత తేడా వచ్చేది కాదట. అలాంటి చేతులకి నరాల జబ్బు పట్టుకుంది. ముడిచిన వేళ్ళు విచ్చుకోవు, విచ్చుకున్నవి ముడుచుకోవు. మోచేతిదాకా బలముంది, ఆ కిందంతా పేరుకే చెయ్యి. కర్రని మణికట్టుకి పట్టీతో కట్టుకుని గదిలో నాలుగడుగులు నడుస్తుంది. పొద్దున్నే ఒకావిడ వచ్చి స్నానం చేయించి, వండిపెట్టి వెళుతుంది. మిగతా రోజంతా అక్క ఒక్కతే. ఆ ఇంటి పాత స్విచ్చులు నా వేళ్ళకే మొరాయిస్తాయి, ఇక ఆవిడ వేళ్ళకేం లొంగుతాయి!

మా ఇద్దరి మధ్యవాడు అన్నయ్య. నాకు అన్న, అక్కకి తమ్ముడు. వేరే ఊళ్ళో ఉంటాడు. చిన్నప్పుడు వాడికి నేను జడిసేదాన్ని గానీ అక్క ఏనాడూ జడవలేదు. ప్రతిదానికీ ప్రశ్న వేస్తాడని 'హెడ్మాష్టారు' అని పేరు పెట్టింది. ఆ హెడ్మాష్టారే తన ఊళ్ళో ఒక హోమ్ చూసిపెట్టాడు. శుభ్రంగా ఉంటుందట, నర్సులుంటారట, మంచం పక్కన గంట ఉంటుందట.

"నాకు నా గదుంది. నా గదిలోంచి నన్ను కదిపారంటే చూసుకోండి" అంది అక్క.

"సరే, కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు వాడు. "నీ అంతట నువ్వు ఉండగలిగితే ఉండు. లేదంటే నేనే వచ్చి తీసుకుపోతా. చెల్లెలు మాత్రం ఎన్నాళ్ళని మెట్లు దిగుతుంది?"

ఆ చివరి మాటకి నేను కాదనలేదు. మోకాళ్ళు నావి మరి.

అలా మొదలైంది ఈ ప్లగ్గుల గోల. డిపోలో ఒక కండక్టరు చెప్పింది, ఫోన్లోంచే లైట్లూ ఫ్యాన్లూ వేసుకునే ప్లగ్గులొచ్చాయని. మర్నాడే మా వీధి మలుపులో ఉన్న కరెంటు సామాన్ల షాపుకెళ్ళి దొరికిన రకం పట్టుకొచ్చాను. టేబుల్ లైటుకొకటి, ఫ్యానుకొకటి, కెటిల్‌కొకటి, బాత్రూం లైటుకొకటి. గోడ స్విచ్చులున్నవాటికి షాపు కుర్రాడే వచ్చి సాకెట్లు బిగించాడు. అక్క ఫోన్లో పెద్ద పెద్ద గడులు వచ్చాయి. వేలు కాకపోయినా వేలి కణుపు ఆనిస్తే చాలు, లైటు వెలిగేది. అక్క మొహం కూడా వెలిగింది, అబద్ధమెందుకు. ఆ సాయంత్రం పైపు మోగలేదు. నేను మంచంమీద పడుకుని, మోగలేదేమిటా అని చెవులు రిక్కించి, అలాగే నిద్రపోయాను.

ఆ ప్లగ్గుల్లో ఇంకో సంగతి ఉంది. అక్క లైటు వేసినా, ఆర్పినా ఆ కబురు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకి వెళ్ళి, అక్కణ్ణుంచి నా ఫోనుకొస్తుంది. అన్నయ్య ఫోనుకి కూడా. 'కెటిల్ ఆన్ అయింది.' 'బాత్రూం లైటు ఆరింది.' డిపోలో కూర్చుని అవి చూసుకుంటుంటే ఎంత నిశ్చింతగా ఉండేదో! అక్క లేచింది, టీ పెట్టుకుంది, పడుకుంది. అంతా నా అరచేతిలో.

నిశ్చింతగా ఉన్నదాన్ని అలాగే ఉండొచ్చుగా. ఉండను. "ఏమే అక్కా, ఇంతెండలో ఫ్యాను ఆపేశావేం?" అని ఫోను. "కెటిల్ పెట్టి మళ్ళీ పెట్టావు, ఒలకబోసుకున్నావా?" అని ఫోను. నాది అయ్యాక అన్నయ్యది. వాడు చూసింది నాకూ, నేను చూసింది వాడికీ చెప్పుకునేవాళ్ళం. నాకో గుణముంది, అన్నయ్యకి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. అక్క టీ ఒలకబోసుకున్నా, కుర్చీ తట్టుకుని తూలినా, సాయంత్రానికల్లా వాడి చెవిలో పడాల్సిందే. ఇద్దరం కలిసి ఒక మనిషి భారం మోస్తున్నామని అనుకునేదాన్ని.

కొన్నాళ్ళకి ఫోన్లో కబుర్లు తగ్గాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. నేను డిపోలో ఉన్న వేళంతా ఒక్క గీత కూడా లేదు. లైటు లేదు, ఫ్యాను లేదు, కెటిల్ లేదు. పైపు కూడా మోగడం లేదు. పైపు మోగడం లేదంటే అక్క ప్లగ్గులు వాడుకుంటోందనేగా అర్థం? వాడుకుంటున్నా ఫోనుకి తెలియడం లేదంటే ప్లగ్గులు పాడైనట్టేగా? నా తెలివి అక్కడిదాకా వెళ్ళి ఆగింది.

ప్లగ్గులు పీకి షాపుకి పట్టుకెళ్ళాను. షాపాయన ఒక్కొక్కటీ పెట్టి చూశాడు.

"బాగానే ఉన్నాయమ్మా."

"బాగుంటే నా ఫోన్లోకి ఎందుకు రావడం లేదండీ?"

"మీరు నొక్కితే వస్తున్నాయిగా, ఇదుగో."

"ఇక్కడ వస్తాయి, నేను డిపోకెళ్ళాక రావు. వేరే కంపెనీవి ఇవ్వండి."

ఇచ్చాడు. అవీ అంతే. మళ్ళీ వెళ్ళాను. రౌటరు దగ్గరగా పెట్టమన్నాడు, పెట్టాను. మార్చమన్నాడు, మార్చాను. కాళ్ళరిగేలా తిరిగి, తల ప్రాణం తోకకొచ్చింది. నన్ను చూడగానే ఆయన గబగబా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించడం కూడా నేర్చుకున్నాడు పాపం.

"ఏమే, అవి పనిచేస్తున్నాయా లేదా?" అని అక్కని అడిగితే, "ఏమోనే, నాకేం తెలుసు ఆ మాయదారివాటి సంగతి" అనేది. రాత్రి భోజనం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గది చీకటిగా ఉండేది. "ఇప్పుడే ఆర్పాను, కళ్ళు లాగుతున్నాయి" అనేది. నేను గోడమీది స్విచ్చి నొక్కి పెద్ద లైటు వేసేదాన్ని.

అవతల అన్నయ్య లెక్క వేరు. "ప్లగ్గులు పాడవలేదే. అక్కకే చేతకావడం లేదు. పొద్దస్తమానం ఒక్క లైటు కూడా వేసుకోలేని మనిషిని ఒంటరిగా వదిలేసి నువ్వు డిపోలో, నేనిక్కడ. ఏదైనా అయితే? ఈ నెలాఖరుకి వచ్చి తీసుకెళ్ళిపోతా" అన్నాడు. "నువ్వు కూడా కాస్త ఊపిరి పీల్చుకుందువుగానీ."

ఊపిరి పీల్చుకోవాలని నాకూ ఉంది. అందుకే ఆ మాటకి సిగ్గేసింది.

అంతలో నాకు జ్వరమొచ్చింది. డిపోలో సగం రోజు సెలవు పెట్టి, ఒళ్ళు కాలిపోతుండగా ఇంటికొచ్చాను. అక్కని ఒకసారి చూసి పైకి పోదామని తలుపు తోశాను. గదిలో ఉక్క ఎలా ఉందంటే నా జ్వరమే నయమనిపించింది. ఫ్యాను ఆగి ఉంది. కిటికీ తెర దించి ఉంది. ఆ చీకట్లో అక్క కుర్చీలో కూర్చుని ఉంది, జాకెట్టంతా చెమటకి తడిసి అంటుకుపోయి. పక్కనే ఫోను, ఆవిడ కణుపుకి అందేంత దగ్గర్లో.

"అక్కా! ఫ్యాను వేసుకోలేదేం? పనిచేయడం లేదా?"

నేనే ఫోను తీసి గడి నొక్కాను. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆ క్షణమే నా సంచిలో ఫోను కుయ్యిమంది, ఫ్యాను ఆన్ అయిందని.

"ఇదుగో, మోసింది కబురు" అంది అక్క. "ఇంకాసేపట్లో హెడ్మాష్టారు ఫోను చేస్తాడు, ఫ్యాను ఎందుకేశావని."

నాకు అప్పటికి వెలిగింది. వెలిగాక ఒళ్ళు మండింది.

"అంటే పనిచేస్తున్నాయా? పనిచేస్తుంటే వేసుకోకుండా ఇలా ఉడికిపోతున్నావా? నేను ఆ షాపు చుట్టూ పిచ్చిదానిలా తిరుగుతుంటే నోరు మూసుకుని చూస్తావా?"

"ఏం చెప్పమంటావే? లైటు వేస్తే నీకు తెలుస్తుంది, ఫ్యాను వేస్తే వాడికి తెలుస్తుంది. రాత్రి బాత్రూంకి ఎన్నిసార్లు లేచానో వాడు డాక్టరుకి చెప్పాడట తెలుసా? నాతో ఒక్క మాట అనకుండా! మందు మార్చాలేమోనని డాక్టరు నాకు ఫోను చేశాడు. వాడికి ముక్కు చీదడం నేర్పింది నేను. వాడు నా బాత్రూం లైటు లెక్కపెడుతున్నాడు. చీకట్లో పోయినా ఫర్లేదు, తడుముకుంటూ పోతున్నా. ఉక్కపోసినా ఫర్లేదు. ఈ వెధవ చేతులు పోయాయి సరే. నేనెప్పుడు కూర్చున్నానో, ఎప్పుడు లేచానో కూడా నాది కాకుండా పోవాలా?"

అక్క ఏడవలేదు. ఏడ్చింది నేను. జ్వరం వల్ల అని చెప్పుకోవచ్చు. లైటు వేస్తే మా ప్రశ్నలు, వెయ్యకపోతే చేతకానిదని హోమ్. ఎటు పోవాలి ఆ మనిషి? తప్పు ప్లగ్గులది కానే కాదు.

జ్వరం తగ్గగానే మళ్ళీ షాపుకి బయల్దేరాను, ఈసారి అక్కని వెంటపెట్టుకుని. ఇన్నాళ్ళూ ఆవిడ వాడుకునే సామాను ఆవిడకి చూపించకుండానే కొన్నానన్న సంగతి ఆటోలో కూర్చున్నాక తట్టింది. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"మాకు ఇంట్లోదంతా ఇంట్లోనే ఉండాలండీ" అన్నాను షాపాయనతో. "బయటి సర్వరూ వద్దు, నా ఫోనుకి కబుర్లూ వద్దు."

"అమ్మయ్య, ఈ మాట మొదటిరోజే చెప్పుంటే మనిద్దరికీ శ్రమ తప్పేదిగా" అని ఆయన ఊపిరి పీల్చుకుని చెప్పుకొచ్చాడు. ఇంట్లో ఒక మూల చిన్న డబ్బా పెడతారట. స్విచ్చులూ ప్లగ్గులూ దానితోనే మాట్లాడుకుంటాయట. ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఎక్కడా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. కంపెనీ మూతపడ్డా లైటు వెలుగుతుంది. డబ్బాయే పాడైతే గోడమీద స్విచ్చి మామూలు స్విచ్చిలా చేత్తో నొక్కితే పనిచేస్తుంది.

"చేత్తో అనకు బాబూ, ముందు అవి చూపించు" అంది అక్క.

ఇక మొదలైంది చూడండి. ఆయన బల్లమీద స్విచ్చులన్నీ పరిచాడు. అక్క ఒక్కొక్కదాన్నీ మోచేత్తో నొక్కింది, మణికట్టుతో నొక్కింది, కింద పెట్టించి మడమతో తొక్కింది. అద్దంలా నున్నగా ఉన్నదాన్ని చూసి నేను ముచ్చటపడితే, "ఇదొద్దు. నొక్కానో లేదో ఒంటికి తెలియడం లేదు" అని నెట్టేసింది. ఇంకొకటి మరీ బిరుసు. ఇంకొకదాని అంచు గీరుకుంటోంది. చివరికి అరచేయంత వెడల్పున్నది ఒకటి దొరికింది, నొక్కగానే టక్కున లోపలికెళ్ళి టక్కున తిరిగొస్తుంది. అక్క దాన్ని పదేపదే నొక్కింది, గుడ్డ మేలురకమో కాదో చూసుకునే పద్ధతిలో తల పక్కకి వాల్చి.

"ఇదీ. దీనికి తెలుసు నేను నొక్కానని, నాకూ తెలుసు."

ఫ్యానుకీ బాత్రూంకీ కూడా అవే. మా పాత గోడల్లో కరెంటు తిరిగెళ్ళే న్యూట్రల్ వైరు స్విచ్చులదాకా లేదు కాబట్టి అది లేకుండా నడిచే రకమే పెట్టాలన్నాడు ఆయన. కెటిల్‌కి మాత్రం ఎక్కువ కరెంటుకి తట్టుకునే ప్లగ్గు వేరే ఉండాలట, లైటుదైతే కాలిపోతుందట. కరెంటు పోయి తిరిగొస్తే ఏది వెలగాలి, ఏది వెలగకూడదు అని కూడా ముందే నిర్ణయించాలట. లైటు వెలగాలి, కెటిల్ వెలగకూడదు. ఇది కూడా అక్కే చెప్పింది, నన్ను అడగలేదు. మంచం కోడు దగ్గర, నేలకి జానెడు ఎత్తులో అంటించుకోవడానికి ఒక బ్యాటరీ బొత్తాం తీసుకుంది, పడుకుని మడమతో తన్నితే ఫ్యాను తిరగడానికి.

అంతా అయ్యాక షాపాయన నాకేసి తిరిగాడు. "కావాలంటే ఈ డబ్బాని బయటికి కూడా తెరవొచ్చమ్మా. ఒక్క టిక్కు పెడితే మీ ఫోన్లో కనబడుతుంది. పెట్టమంటారా?"

పెట్టమని నాలుక చివరిదాకా వచ్చింది. అన్నీ వద్దు, ఒక్క కెటిల్ చాలు. పొద్దున టీ పెట్టుకుందంటే బతికుందని తెలుస్తుంది, అంతే కదా! డిపోలో ఆ ఒక్క గీత చూసుకుంటే రోజు గడిచిపోతుంది. నోరు తెరిచి మూశాను.

"అడుగు, అడుగు. ఆగావేం?" అంది అక్క, నాకేసి చూడకుండా.

"వద్దులెండి. మూసే ఉంచండి" అన్నాను. సంతోషంగా అనలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. డిపోలో ఫోను తీయడం, చూడడం, అందులో ఏమీ లేకపోవడం. మెట్లెక్కే పని తగ్గింది, పైపు చప్పుడు లేదు, కానీ అలసట మాత్రం ఎక్కడికీ పోలేదు. అంతకుముందు కాళ్ళు లాగేవి, ఇప్పుడు మెదడు లాగుతోంది. సాయంత్రం వెళితే అక్క ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని, "ఏమే సణుగులమారీ, బస్సులన్నీ ఇల్లు చేరాయా?" అని పలకరించేది. గదిలో వెలుగు ఉండేది. నేను అలా చూసినవి, అడిగినవి, వాసన పట్టినవి అన్నీ పైకెళ్ళి అన్నయ్యకి ఫోన్లో చెప్పేదాన్ని. చేతిమీద కమిలిన మచ్చుంది, అన్నం సగం వదిలేసింది, మాట్లాడుతూ ఆయాసపడింది. అలవాటు మరి.

"అది సరే, నా ఫోన్లో ఏమీ కనబడ్డం లేదేమిటే?" అని అడిగాడు వాడు.

"అవి తీసేశాం. ఇవి వేరే."

"మరి అక్క వేసుకుంటోందో లేదో మనకెలా తెలుస్తుంది?"

"తెలియదు."

"తెలియకపోవడమేమిటి?"

"తెలియకూడదనే పెట్టించాం అన్నయ్యా."

వాడు గొంతు తగ్గించి, "అక్క నేలమీద పడిపోయి ఉన్నట్టు, నేను తలుపు కొడుతున్నట్టు కలలొస్తున్నాయే నాకు. నిద్ర పట్టడం లేదు" అన్నాడు. వాడిమీద కోపం పెట్టుకోవడం కూడా కుదరదు, అదీ నా ఖర్మ. "ఆదివారం వస్తున్నా. హోమ్‌లో ఒక మంచం ఖాళీ అయింది. ఇప్పుడు వద్దంటే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో. నా కళ్ళతో చూస్తా. రాత్రి బస్సుకే తిరుగు ప్రయాణం, అక్కతోనో, అక్క లేకుండానో" అన్నాడు.

ఆదివారమైనా బస్సులు ఆగవు కనుక నేను డ్యూటీలోనే ఉన్నాను. అన్నయ్య ఎక్కిన బస్సు దారిలో టైరు పేలి ఆగిందని అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆ సందు దొరికింది కదా, కాస్త ముందు ఇల్లు చేరి గది సర్దుదామని పక్కావిడకి పని అప్పజెప్పి బయల్దేరాను.

తలుపు తీసేసరికి అక్క నేలమీద ఉంది.

మంచానికీ కుర్చీకీ మధ్య పక్కకి ఒరిగి పడి ఉంది. కర్ర ఒంటికింద ఇరుక్కుంది. తలకింద దిండు, దాన్ని పళ్ళతో లాక్కుందట. పైన ఫ్యాను తిరుగుతోంది. కోడు దగ్గరి బొత్తాన్ని తన్ని వేసుకుంది. సంచి గుమ్మంలోనే పడేసి పరిగెత్తాను.

"అప్పుడే వచ్చావా?" అంది. "వాడొచ్చాడా?"

"ఇంకా లేదు. ఎప్పుడు పడ్డావే? తలకేమైనా..."

"తలకేం కాలేదు, మోచెయ్యి కొట్టుకుంది. తర్వాత ఏడుద్దువుగానీ, ముందు నన్ను లేపు. వాడొచ్చేస్తాడు. భోజనమయ్యాక పడ్డాను, అప్పట్నుంచీ లేద్దామనే చూస్తున్నా. వాడొచ్చేలోపు లేచేద్దామనుకున్నా."

చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాను. లేవదు. "అలాక్కాదు, మొద్దూ! నా మోకాళ్ళకి నీ మోకాళ్ళు అడ్డం పెట్టు. ఇప్పుడు వెనక్కి లాగు" అని కింద పడున్న మనిషి నాకు పని నేర్పుతోంది. ఒకసారి లేచినట్టే లేచి ఇద్దరం మంచం అంచున కూలబడ్డాం. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, నడుం పట్టేసింది. కుడి మోచెయ్యి అప్పటికే వాచి నీలంగా ఉంది. పొడుగు చేతుల చొక్కా తొడిగాను. జుట్టు దువ్వాను. మొహం తుడిచి కుర్చీలో కూర్చోబెడుతుండగానే వీధిలో అన్నయ్య గొంతు వినిపించింది.

వచ్చాడు. అక్క పాదాల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని మొహంలోకి చూశాడు. "బాగున్నావా అక్కా?" అన్నాడు. "నీకంటే బాగున్నా. ఏమిట్రా ఆ పొట్ట?" అంది ఆవిడ.

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక హెడ్మాష్టారు పరీక్ష పెట్టాడు. "లైటు వెయ్యి, చూద్దాం."

లైటు స్విచ్చి కుర్చీకి కుడి పక్కనుంది. ఎడమ చెయ్యి తిప్పి వేస్తే అనుమానం వస్తుంది. అక్క ఆ వాచిన మోచేతినే ఎత్తి టక్కున కొట్టింది. లైటు వెలిగింది. ఆవిడ పెదవి కూడా కదలలేదు. నాకు మాత్రం పళ్ళు జివ్వుమన్నాయి.

"ఫ్యాను?"

టక్కు.

"మరి రాత్రిళ్ళు బాత్రూంకి?"

"వేస్తా చూడు" అని లేచింది. కర్ర కట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, బాత్రూం గోడకి భుజం ఆనించి మళ్ళీ అదే మోచేత్తో కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు నేను పట్టుకోబోతే కళ్ళతోనే వద్దంది.

అన్నయ్య నాకేసి చూశాడు. "రోజూ ఇలాగేనా?"

ఈ ఇంట్లో జరిగింది వాడికి చెప్పకుండా నేనెప్పుడూ ఉండలేదు. ఇప్పుడు చెప్పాల్సినంత సంగతి ఉంది. చెబితే వాడు రాత్రి బస్సులో రెండు సీట్లు అడుగుతాడు. నా మెట్ల బాధ తీరుతుంది, నా మెదడు బాధ తీరుతుంది. రేపు మళ్ళీ పడితే ఆ పాపం నాది కాకుండా పోతుంది.

"ఇలాగే" అన్నాను.

వాడు నమ్మాడో, నమ్మాలనుకున్నాడో. టీ తాగి, వచ్చినవాడు వచ్చినట్టే ఒంటరిగా బస్సుకి వెళ్ళాడు.

వాడు మలుపు తిరిగాక అక్కని మంచంమీద పడుకోబెట్టి, చొక్కా చేయి పైకి మడిచి, మంచు ముక్కలు గుడ్డలో చుట్టి మోచేతిమీద పెట్టాను. అప్పుడు మాత్రం అబ్బా అంది. ఆవిడ చొక్కా జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే ఫోను. పడ్డప్పుడు వేసుకున్న బట్టల్లోంచి నేనే తీసి ఇందులో వేశాను, ఆ హడావిడిలో గమనించలేదు.

"ఇది నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"నా పేరు పలికితే చాలు, దానంతటదే నాకు కలుపుతుందిగా! నీకే చూపించాను కూడా. అంతసేపు నేలమీద పడుండే బదులు నాకొక్క మాట చెప్పొచ్చుగా. పరిగెత్తుకుని వచ్చేదాన్నిగా!"

అక్క మంచు గుడ్డకేసి చూస్తూ అంది, "వచ్చేదానివే. వచ్చి లేపి, పైకెళ్ళి వాడికి చెప్పేదానివి. స్విచ్చులు చెప్పడం మానేశాయి గానీ, నువ్వు మానలేదుగా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, నాకు నోరు లేకనా. మాకు తెలిసిపోతుందని నేలమీదే పడుందన్నమాట. మాకంటే ఆ నేలే నయమనుకుందన్నమాట. నీళ్ళు కారుతున్న గుడ్డ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

నా ఫోను మోగింది. అన్నయ్య. బస్సెక్కి ఉంటాడు. వాడంత తేలిగ్గా ఊరుకునే రకం కాదు. నేను ఒక్కదాన్నీ దొరికినప్పుడు 'నిజం చెప్పు' అని అడుగుతాడు. అక్క నా మొహంలోకి చూడలేదు, తల తిప్పి గోడకేసి చూస్తోంది.

ఎత్తాను. "అక్క పక్కనే ఉంది, ఏదైనా ఉంటే తననే అడుగు" అన్నాను. స్పీకరు వేసి ఫోను ఆవిడ దిండుమీద పెట్టాను. అక్క నాకేసి తిరిగి చూసింది. నేను చెప్పులు వేసుకుని, బయటికి వచ్చి, తలుపు దగ్గరగా లాగాను.

మెట్లమీద కూర్చుంటే మాటలు వినపడతాయి. వినాలనే ఉంది. కాసేపు ఒక మెట్టుమీద కూర్చున్నాను కూడా. తర్వాత లేచి, నడుం పట్టుకుని, పై వాటాకి వెళ్ళిపోయాను.

పడ్డానని చెప్పిందో, చెప్పలేదో, వాడేమన్నాడో నేను అడగలేదు. ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. అక్క మాత్రం కింది వాటాలోనే ఉంది.